కల్లడ నది వెంట కొల్లం: కొండ నుంచి సముద్రపు మొగ దాకా

కార్తీక మాసం వచ్చిందంటే సికింద్రాబాద్, నర్సాపురం, మచిలీపట్నం వైపుల నుంచి కొల్లానికి శబరిమల స్పెషల్ రైళ్లు మొదలవుతాయి. మాల వేసుకున్న మనవాళ్లలో చాలామందికి కొల్లం అంటే ఒక రైల్వేస్టేషన్. దర్శనమయ్యాక తిరుగు బండికి టైమ్ ఉంటే ఊళ్లో కాస్త జీడిపప్పు కొనుక్కుని వచ్చేస్తారు. మన పలాసలాగే అది కూడా జీడిపప్పుకు పేరున్న ఊరు. కుటుంబాలతో కేరళ టూరుకు వెళ్లేవాళ్లయితే అలెప్పీలో హౌస్‌బోటు, మున్నార్‌లో టీ తోటలు చూసుకుని కొల్లాన్ని దాటేస్తారు. చూడడానికి ఏమీ లేక కాదు. పడమటి కనుమల అడవులు, జలపాతం, పెద్ద డ్యామ్, కేరళలోనే అతిపెద్ద మంచినీటి సరస్సు, ఎనిమిది పాయలుగా చీలిన అష్టముడి కాయల్ (తీరం వెంట నది నీరు, సముద్రపు నీరు కలిసే సరస్సు), దాని నోట్లో అరేబియా సముద్రం, అన్నీ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు కారులో రెండు మూడు గంటల ప్రయాణం.

టూర్ ప్యాకేజీలు వీటిని విడివిడి స్పాట్లుగా అమ్ముతాయి. ఉదయం తెన్మల, మధ్యాహ్నం జటాయు పార్కు, సాయంత్రం బోటింగ్ అన్నట్టు. అలా చూస్తే ఫొటోలు బాగానే వస్తాయి కానీ ఆ జిల్లా మాత్రం అర్థం కాదు. ఇవి విడివిడి చోట్లు కావు. వీటిలో ముఖ్యమైనవన్నీ కల్లడ అనే ఒకే నదికి కట్టుబడి ఉన్నాయి. పైన కొండల్లో నదిని ఏం చేశారో కింద లంకల్లో కనబడుతుంది. అందరూ పడవ షికారుకు వెళ్లే మన్రో తురుత్ ఎందుకు కుంగిపోతోందన్న ప్రశ్నకు ఆ లంకలో నిలబడితే జవాబు దొరకదు. నది వెంట పైదాకా వెళ్లాలి. అందుకే కొల్లం వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సముద్రం వైపు నుంచి కాకుండా కొండ వైపు నుంచి దిగండి.

కొండల్లో

చెన్నై నుంచి మదురై, సెంగొట్టై మీదుగా కొల్లం వచ్చే రైలు ఉంది. అది తమిళనాడు దాటి ఆర్యంకావు కనుమలోకి రాగానే గాలి మారిపోతుంది. అటు తెన్‌కాశి వైపు పొడి నేల, ఇటు సొరంగాలు, లోయలు, దట్టమైన పచ్చదనం. తెన్మల దగ్గర రోడ్డు పక్కనే రాతితో కట్టిన పదమూడు కమానుల రైలు వంతెన కనిపిస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, మీటర్‌గేజ్ లైన్ వేసేటప్పుడు కట్టింది. తర్వాత గేజ్ మార్పిడి కోసం ఈ మార్గాన్ని చాలా ఏళ్లు మూసేశారు. 2018 నుంచి బ్రాడ్‌గేజ్ రైళ్లు మళ్లీ కొల్లం దాకా నడుస్తున్నాయి. పగటి పూట ఈ కనుమ దాటేలా టికెట్ చూసుకోవడం మంచిది. చీకట్లో దాటితే ఈ దారిన రావడంలో సగం అర్థం పోయినట్టే.

కుళత్తుపుళ, చెందురుణి, కల్తురుత్తి అనే మూడు ఏర్లు ఈ అడవుల్లోంచి వచ్చి పారప్పార్ దగ్గర కలిస్తే కల్లడ నది అవుతుంది. అయ్యప్ప భక్తులకు కుళత్తుపుళ పేరు తెలిసే ఉంటుంది. అక్కడ స్వామి బాలుడు. ఆర్యంకావులో యువకుడు, అచ్చన్‌కోవిల్‌లో గృహస్థు, శబరిమలలో తపస్వి. ఈ వరసలో మొదటి మూడు గుళ్లూ కొల్లం జిల్లాలోనే ఉన్నాయి. అచ్చన్‌కోవిల్‌ది వేరే నది, మిగతా రెండూ కల్లడ పరీవాహకంలోనివే. కుళత్తుపుళ గుడి రేవులో చేపలను ఎవరూ పట్టరు, మేత వేస్తారు. నదిలో కొంత మేర చేప పట్టకూడదనే కట్టుబాటు భక్తి రూపంలో ఎన్ని తరాలుగా నిలబడిందో చూడడానికైనా ఆ రేవుకు వెళ్లాలి.

ఆర్యంకావు దగ్గర పాలరువి జలపాతం దాదాపు 300 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. వేసవి ముదిరితే సన్నబడిపోతుంది. వానలు మొదలయ్యాక, ముఖ్యంగా జూన్ తర్వాత కొన్ని నెలలు, దాని అసలు రూపం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న చెందురుణి అభయారణ్యాన్ని 1984లో ప్రకటించారు. చెంకురింజి అనే చెట్టు వల్ల ఆ పేరు వచ్చింది. ఆ చెట్టు పడమటి కనుమల దక్షిణపు కొసన తప్ప ఇంకెక్కడా పెరగదు.

ఇక తెన్మల డ్యామ్. టూరిస్టులు అలా పిలుస్తారు కానీ అది కల్లడ సాగునీటి ప్రాజెక్టు. మూడు ఏర్లు కలిసే పారప్పార్ దగ్గరే కట్టారు. 1980ల మధ్యలో నీళ్లు నిలిపారు. దాని కుడి, ఎడమ కాలువలు కొల్లం, పత్తనంతిట్ట, ఆలప్పుళ (అలెప్పీ) జిల్లాలకు నీళ్లిస్తాయి. అడవి మధ్యలో ఆ రిజర్వాయర్ చాలా అందంగా ఉంటుంది. బోటులో వెళ్తుంటే ఒడ్డుకు ఏనుగులు రావచ్చు. అయితే ఆ నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో ఒకసారి గమనించండి. కింద జరుగుతున్న కథంతా ఆ తేటదనం దగ్గరే మొదలైంది.

వానాకాలంలో కొండ మీద నుంచి దూకే ఏరు ఎర్రగా, బురదగా ఉంటుంది. ఇసుక, బంకమట్టి, ఆకుల కుళ్లు అన్నీ మోసుకొస్తుంది. పారే నీటికి వేగం ఉన్నంతసేపే ఆ బరువు మోసే శక్తి ఉంటుంది. రిజర్వాయర్లోకి రాగానే నీరు నిలుస్తుంది, బరువంతా అడుగుకు దిగిపోతుంది. గేట్లలోంచి కిందికి వెళ్లేది దాదాపు నీళ్లు మాత్రమే, ఒండ్రు కాదు. కల్లడ పొడవు 120 కిలోమీటర్ల పైచిలుకు. మధ్యలో ఆ లోటు తీర్చే పెద్ద ఉపనదులు లేవు. అంత చిన్న నదికి తల దగ్గరే ఇంత పెద్ద అడ్డుకట్ట పడితే, తోక దగ్గరికి చేరే మట్టి బాగా తగ్గిపోతుంది.

మన గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ ఇదే జరుగుతోంది. ఎగువన రిజర్వాయర్లు పెరిగాక సముద్రానికి చేరే ఒండ్రు పడిపోయిందని, డెల్టా అంచులు కోతకు గురవుతున్నాయని మన శాస్త్రవేత్తలే చెబుతున్నారు. కల్లడ చాలా చిన్నది కాబట్టి కారణాన్నీ ఫలితాన్నీ ఒకే రోజు ప్రయాణంలో కళ్లతో చూడొచ్చు. నాకు ఈ జిల్లా మీద ఇంత ఆసక్తి కలగడానికి అదే కారణం.

మైదానంలో నది

కిందికి దిగితే పునలూరు. ఇక్కడ కల్లడ మీద 1877లో పూర్తయిన వేలాడే వంతెన ఉంది. రెండు రాతి స్తంభాల మధ్య ఇనుప గొలుసులు, వాటికి వేలాడే చెక్క బాట. ఇప్పుడు నడిచేవాళ్లకే. అరగంట చాలు. కానీ వంతెన మధ్యలో నిలబడి నది మట్టం ఎంత కిందికి ఉందో, ఒడ్లు ఎంత నిట్టనిలువుగా తెగి ఉన్నాయో చూడండి.

ఈ లోతుకు ఒక కారణం డ్యామ్, ఇంకో కారణం ఇసుక తవ్వకం. గల్ఫ్ డబ్బుతో కేరళ అంతటా కాంక్రీటు ఇళ్లు లేచిన దశాబ్దాల్లో నదుల ఇసుకకు విపరీతమైన గిరాకీ వచ్చింది. కల్లడలోనూ తవ్వేశారు. పైనుంచి కొత్త ఇసుక వచ్చే దారి మూసుకుపోయింది, కింద ఉన్నదాన్ని లారీలకు ఎత్తేశారు. నది అడుగు లోతుకు దిగిపోయింది. ఇసుక ర్యాంపుల గొడవలు తెలిసిన గోదావరి, కృష్ణా ఒడ్డువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. కేరళ 2001లో నది ఒడ్ల రక్షణకు, ఇసుక తవ్వకం నియంత్రణకు ప్రత్యేక చట్టం తెచ్చింది. అప్పటికే చాలా నష్టం జరిగిపోయింది.

నది అడుగు లోతైతే నదికే కదా నష్టం అనుకుంటాం. శాస్తాంకోట చూస్తే అలా కాదని తెలుస్తుంది. ఇది కేరళలో అతిపెద్ద మంచినీటి సరస్సు, సుమారు 370 హెక్టార్లు. మూడు వైపులా గుట్టలు, దక్షిణాన మట్టికట్ట. ఇందులోకి ఏ నదీ రాదు. వాన, భూగర్భపు ఊటలే దీని ఆధారం. నీళ్లలో లవణాలు చాలా తక్కువ. ఒక రకం ఈగ లార్వాలు బాక్టీరియాను తినేయడం వల్ల నీరు ఇంత శుభ్రంగా ఉంటుందని సరస్సు గురించిన రామ్‌సర్ (ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా) వివరాల్లో రాశారు. ఎన్నో ఏళ్లుగా కొల్లం పట్టణానికి తాగునీరు ఇక్కడి నుంచే వెళ్తోంది.

2010 తర్వాత కొన్ని వేసవుల్లో ఈ సరస్సు భయపడేంతగా తగ్గిపోయింది. ఒడ్డు నుంచి నీటి అంచు దాకా ఎండిన మట్టి మీద నడిచి వెళ్లాల్సి వచ్చింది. జనం ఆందోళనలకు దిగారు. పంపింగ్ ఎక్కువ కావడం ఒక కారణం. నిపుణులు ఎత్తి చూపిన ఇంకో కారణం కల్లడ. నది సరస్సుకు దగ్గరలోనే పారుతుంది. మధ్యలో ఉన్నది రాతి గోడ కాదు, నీరు ఊరే నేల. నది అడుగు సరస్సు మట్టం కంటే బాగా కిందికి పోతే భూగర్భ జలం వాలు అటే తిరుగుతుంది. సరస్సుకు రావలసిన ఊట నది వైపు జారిపోతుంది. ఇసుక లారీ నదిలోంచి వెళ్లింది, కానీ తగ్గింది సరస్సులో నీళ్లు. నదికి, సరస్సుకు మధ్య కాలువ లేకపోయినా ఇంత బంధం ఉందని ఆ వేసవులు చూపించాయి.

శాస్తాంకోటలో హడావుడి పెట్టుకోకండి. గుడి ఆవరణలో కోతుల గుంపు ఉంటుంది, చేతిలో ఏదీ కనబడకుండా చూసుకోండి. సరస్సు మీద చేయగలిగిన పని ఒడ్డున కూర్చోవడమే. పట్టణం తాగే నీళ్లు అవి, స్నానాలకు, మోటారు బోట్లకు కాదు.

లంక

కల్లడ అష్టముడిలో కలిసేచోట తనతో తెచ్చుకున్న మట్టితో కట్టుకున్నదే మన్రో తురుత్. ఒకటి కాదు, ఎనిమిది చిన్న లంకలు, మధ్యలో సన్నటి కాలువలు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో తిరువితాంకూరు (ట్రావెన్‌కోర్) సంస్థానానికి బ్రిటిష్ రెసిడెంటుగా, కొంతకాలం దివానుగా పనిచేసిన కర్నల్ జాన్ మన్రో పేరు దీనికి వచ్చింది. రాయలసీమవాళ్లు తలుచుకునే మన్రో దొర ఈయన కాదు. ఆయన థామస్ మన్రో.

కోనసీమ తెలిసినవాళ్లకు ఇక్కడి నేల కొత్తగా అనిపించదు. కొబ్బరి, కాలువ, ఇంటి ముందు పడవ. ఒకప్పుడు వరి పండించేవాళ్లు, కొబ్బరి పీచు తీసి తాడు పేనేవాళ్లు. ఏటా వరదకు వచ్చిన ఒండ్రు పొలాల మీద పరుచుకునేది. వరద తగ్గాక మిగిలిన మట్టే వచ్చే ఏటికి ఎరువు, పైగా నేల ఎత్తు కూడా. ఎత్తు ఎందుకంటే, ఒండ్రుతో కట్టిన నేల తన బరువుకు తానే కొంచెం కొంచెంగా అణగిపోతుంది. ప్రపంచంలో ఏ డెల్టా అయినా అంతే. ఏటా పైన కొత్త పొర పడుతున్నంతకాలం అణగడం బయటికి తెలియదు. ఆ పొర ఆగిపోతే అణగడం ఒక్కటే మిగులుతుంది.

ఇప్పుడు అక్కడ కనబడేది అదే. ఇళ్ల పునాదులు దిగిపోయాయి, గోడలు బీటలు వారాయి, కొన్ని ఇళ్లు ఒక పక్కకు ఒరిగాయి. వృశ్చిక మాసం (నవంబరు మధ్య) నుంచి పెద్ద పోట్లు వచ్చినప్పుడు ఉప్పునీరు వాకిళ్లలోకి, గదుల్లోకి వస్తుంది. కొల్లం తీరంలో పోటుకు, పాటుకు తేడా నిజానికి ఎక్కువ కాదు, మీటరు అటూ ఇటూ. కానీ నేల అంత పల్లమైనప్పుడు జానెడు నీరు పెరిగినా ఇల్లు మునిగినట్టే. వరి పోయింది. కొబ్బరి చెట్లు మొవ్వు ఎండిపోతున్నాయి. పొలాలు రొయ్యల, చేపల చెరువులయ్యాయి. చేతనైనవాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు గట్టు పెంచుకుంటూ, మెట్లు ఎత్తుకుంటూ కాపురం చేస్తున్నారు.

ఎందుకిలా అని అడిగితే అక్కడ వేర్వేరు జవాబులు వినబడతాయి. ఎక్కువమంది 2004 డిసెంబరు సునామీ తర్వాతే ఇదంతా అంటారు. ఆ సునామీ కేరళలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బకొట్టింది ఈ జిల్లాలోని ఆలప్పాడ్ తీరాన్నే, కాబట్టి ఆ జ్ఞాపకం బలంగా ఉండడం సహజం. కొందరు లంక మీదుగా వెళ్లే రైళ్ల అదురును తప్పుపడతారు. కొందరు డ్యామ్‌ను, కొందరు ఇసుక తవ్వకాన్ని, కొందరు పెరుగుతున్న సముద్రాన్ని.

నాకు తోచింది చెబుతాను. వీటిలో ఏదీ ఒంటరిగా ఈ పని చేయలేదు, కానీ అన్నిటి బరువూ సమానం కాదు. రైలు అదురు మెత్తటి నేలను పట్టాల దగ్గర కొంత కుదించవచ్చు. మొత్తం లంకల సముదాయం కుంగడానికి అది సరిపోదు. సునామీ ఒక రోజు వచ్చి పోయింది. అది అడుగు మట్టిని కదిల్చి ఉండొచ్చు, పోటు దారులను మార్చి ఉండొచ్చు. ఏళ్ల తరబడి కుంగుతూనే ఉండడానికి మాత్రం ఏళ్ల తరబడి నడిచే కారణం కావాలి. ఒండ్రు ఆగిపోవడం అలాంటిది. నది అడుగున, కాయల్ అడుగున ఇసుక తోడేయడం అలాంటిదే, ఎందుకంటే లంక అంచులోని మెత్తటి మట్టి ఆ గుంటల్లోకి జారుతుంది. డ్యామ్ నిండింది 1980లలో, జనం గట్టిగా గుర్తించింది 2004 తర్వాత. ఈ ఎడం చూసి డ్యామ్‌కు సంబంధం లేదనడం తొందరపాటు. ఏటా రావలసింది రాకపోతే ఆ లోటు మొదటి ఏడే కనబడదు. వాకిట్లోకి నీళ్లొచ్చే గీత దాటినప్పుడే కనబడుతుంది. దానికి తోడు సముద్రం కూడా పెరుగుతోంది. నేల దిగుతూ నీరు ఎక్కుతుంటే మధ్యలో ఇరుక్కున్నది ఇక్కడి జనం.

డ్యామ్ కొట్టేయమనడం కూడా న్యాయం కాదు. మూడు జిల్లాల పొలాలు ఆ కాలువల మీద బతుకుతున్నాయి. చేయగలిగినవి వేరే ఉన్నాయి: ఇసుక తవ్వకాన్ని పూర్తిగా కట్టడి చేయడం, గట్ల వెంట మడ చెట్లు పెంచడం, నేలకు భారం కాని తేలికపాటి ఇళ్లకు సాయం చేయడం, ఖాళీ చేసి వెళ్తామన్నవాళ్లకు గౌరవంగా బతికే చోటివ్వడం. లంక అందాన్ని టికెట్ పెట్టి చూపిస్తున్నప్పుడు ఆ డబ్బులో కొంతైనా ఈ పనులకు పోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

అక్కడికి వెళ్లాలా వద్దా అని కొందరు అడుగుతారు. తప్పకుండా వెళ్లాలి. వరి పోయాక పర్యాటకం కొన్ని కుటుంబాలకు నిజమైన ఆసరా. లంకలోనే హోమ్‌స్టేలు ఉన్నాయి, గడ వేసి నడిపే దోనెలు ఉన్నాయి. సూర్యోదయానికి ముందు బయలుదేరితే సన్నటి కాలువల్లోంచి, మడ కొమ్మలు పైన కమ్ముకున్న దారుల్లోంచి, తల వంచి దాటాల్సిన చిన్న వంతెనల కిందుగా తిప్పి కాయల్‌లోకి తీసుకెళ్తారు. మోటారు బోటు వద్దు. దాని అలలు అసలే మెత్తటి గట్లను కోసేస్తాయి. దోనె నడిపే పెద్దాయన్ని ‘చేట్టా’ (అన్నా) అని పిలిచి ఆయన ఇంటి సంగతి అడిగితే, ఏ ఏడాది ఎన్ని మెట్లు మునిగాయో ఆయనే చెబుతాడు. మన్రో తురుత్‌కు రైల్వేస్టేషన్ కూడా ఉంది, కొల్లం–ఎర్నాకుళం లైనులో ప్యాసింజర్లు ఆగుతాయి.

కాయల్, మొగ

అష్టముడి కేరళలో వేంబనాడ్ తర్వాత రెండో పెద్ద కాయల్. 2002 ఆగస్టులో దీన్ని, శాస్తాంకోటను, వేంబనాడ్‌ను రామ్‌సర్ జాబితాలో చేర్చారు. మన కొల్లేరు కూడా ఆ నెలలోనే చేరింది. కొల్లేరుకు ఉప్పుటేరు ఎలాగో అష్టముడికి నీండకర మొగ అలాగ. తూర్పు నుంచి కల్లడ మంచినీరు, పడమర నుంచి సముద్రపు ఉప్పునీరు. వానాకాలంలో నది గెలుస్తుంది, తూర్పు పాయల్లో నీరు దాదాపు చప్పగా ఉంటుంది. వేసవిలో ఉప్పు లోపలి దాకా ఎక్కుతుంది. ఈ రెండింటి మధ్య తూకం మీదే ఇక్కడి కరిమీన్ చేప, రొయ్య, పీత ఆధారపడ్డాయి.

మొగ దగ్గర ఉప్పునీటి వైపు మరో పంట ఉంది. మలయాళీలు కక్క అనే గుల్లలు. మనుషులు నీళ్లలోకి మునిగి చేతులతో, చిన్న వలలతో తీస్తారు. విదేశాలకు ఎగుమతి మొదలయ్యాక తెగ తీసేసి 1990ల మొదట్లో దిగుబడి పడిపోయేసరికి అందరూ కూర్చుని నియమాలు పెట్టుకున్నారు. గుడ్లు పెట్టే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీయకూడదు, పిల్ల గుల్లలు జారిపోయేంత కన్ను ఉన్న వలే వాడాలి. ఆ పద్ధతి నిలబడింది. 2014లో, వనరు తరిగిపోకుండా సాగే వేటకు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ ధ్రువీకరణ వచ్చింది, మన దేశంలో ఏ చేపల వేటకైనా అదే మొదటిది. కల్లడ ఇసుకకు కుదరని కట్టుబాటు కక్కకు ఎందుకు కుదిరిందంటే, నా ఆలోచన ఇది: కక్క తీసేవాడే రేపూ అక్కడే మునగాలి, ఇసుక ఎత్తినవాడు మళ్లీ ఆ ఒడ్డుకు రానక్కర్లేదు.

నీండకర, శక్తికుళంగర రెండూ పెద్ద ఫిషింగ్ హార్బర్లు. 1950లలో నార్వే సాయంతో మోటారు పడవల వేట మొదలైన తీరం ఇది. తెల్లవారుజామున వేలం పాట చూడడానికి వెళ్లొచ్చు, బూట్లు తడుస్తాయి, ఎవరి పనికీ అడ్డం రాకుండా నిలబడాలి. పక్కనే తంగశ్శేరిలో 1902 నాటి లైట్‌హౌస్, పోర్చుగీసు కోట శిథిలాలు ఉన్నాయి.

జటాయు పార్కు గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. చడయమంగళం కొండ మీద 200 అడుగుల పొడవున్న జటాయువు శిల్పం, శిల్పి రాజీవ్ అంచల్. నదితో దీనికి సంబంధం లేదు. జటాయువు పడిపోయింది తమ దగ్గరేనని వాళ్లంటారు, లేపాక్షిలో మనమూ అంటాం. పిల్లలుంటే వెళ్లండి, లేకపోతే ఆ పూట శాస్తాంకోటకు ఇవ్వండి.

ఎప్పుడు వెళ్లాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం సుఖంగా ఉంటుంది. మన్రోలో పోటు కష్టం కళ్లారా తెలిసేదీ అప్పుడే. పాలరువి, అడవి, ఎర్రటి ఏరు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు మేలు. జూన్, జులైలో కుండపోత వానలు, పైగా జూన్ 9 అర్ధరాత్రి నుంచి జులై 31 దాకా 52 రోజులు కేరళ తీరంలో ట్రాలర్ల వేట నిషేధం. నీండకరలో బోట్లన్నీ లంగరేసి ఉంటాయి. నిషేధం ముగిసే రాత్రి వందల బోట్లు మొగ దాటతాయి. ఆగస్టు మొదటి వారంలో వెళ్తే ఆ మొదటి వేట చేప కొల్లం హోటళ్లలో ప్లేటులోకి వస్తుంది. కర్రపెండలం ఉడికించి పెడతారు, దానితో తినండి.